పిడికి పువ్వులెందుకు?

2024 సంక్రాంతికి తణుకు వెళ్ళినప్పుడు నాన్నగారు బీరువాలోంచి తన రివాల్వర్ తీసి, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని బల్ల మీద పెట్టారు. కంగారు పడకండి, మాది సినిమాల్లో చూపించే లాంటి కుటుంబం కాదు. అప్పట్లో మాకో చిన్న రైసుమిల్లు ఉండేది. ధాన్యం డబ్బులు సంచిలో వేసుకుని చీకటిపడ్డాక ఊళ్ళు తిరగాలి కాబట్టి 1998లో లైసెన్సు తీసుకున్నారు. కాన్పూర్‌లో తయారైన .32 అది. ఎవరి మీదా గురిపెట్టింది లేదు.

"ఒరేయ్, పాతికేళ్ళు దాటితే వారసుడి పేరున లైసెన్సు అడగొచ్చట. నీ పేరున పెడదాం. ముందు ఆ పిడి పగిలింది, దాని సంగతి చూడు" అన్నారు.

ఇంకేముంది! రెండు వారాలు ఆఫీసు పని కన్నా శ్రద్ధగా చదివాను. పిడి అంటే రెండు చెక్క బిళ్ళలు, మధ్యలో ఓ స్క్రూ, అంతే. కానీ చెక్కలో బోలెడు రకాలు. తుపాకులకి అక్రోటు చెక్క వాడేది అందం కోసమే కాదు, అది దెబ్బకి ఓర్చుకుంటుంది, సన్నటి చెక్కుడుకి లొంగుతుంది. దాని మీద గీసే వజ్రాల గళ్ళు కూడా డిజైను కోసం కాదు, చెమట చేతిలోంచి జారకుండా. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ జనరల్ పాటన్ నడుముకి దంతపు పిడి రివాల్వర్ ఉండేది. నాకూ మనసు లాగింది గానీ, మన దేశంలో ఏనుగు దంతం వ్యాపారాన్ని 1986లోనూ, ఆఫ్రికా దంతాన్ని 1991లోనూ నిషేధించేశారు. చివరికి ఇరుగుడు దగ్గర ఆగాను. నల్లటి చారలు, మంచి బరువు. పైన తామరపువ్వు, కింద ఇంటిపేరు మొదటి అక్షరం. బొమ్మ గీసి ప్రింటు కూడా తీశాను.

స్క్రూ నాన్నగారే విప్పారు. లైసెన్సు లేనివాళ్ళ చేతికి తుపాకీ ఇవ్వకూడదు కదా, అందుకని పాత బిళ్ళలు మాత్రమే వడ్రంగి మేస్త్రి దగ్గరికి పట్టుకెళ్ళాను. మా అటక మీది విరిగిన మంచం కోడు చూసి ఆయన మొహం వెలిగిపోయింది. "పచ్చికర్రయితే మన గోదారి చెమ్మకి ఉబ్బుద్ది, ఎండకి పగులుద్ది బాబూ. ఇది అరవయ్యేళ్ళు ఆరిన ఇరుగుడు చేవ. ఇంక కదలదండి" అన్నాడు.

నా బొమ్మ నాన్నగారికి చూపించాను. ఆయన పాత బిళ్ళని గుప్పిట్లో పట్టుకుని, "ఇలా పట్టుకుంటే నీ పువ్వు అరచేతి కిందకి పోద్ది కదరా. ఇంకెవరు చూడ్డానికి?" అన్నారు.

నా దగ్గర సమాధానం లేదు. పిడి మీద పువ్వు కనబడేది దాన్ని పట్టుకోనప్పుడే. అంటే నేను రెండు వారాలుగా ఎంచుతున్నది షోకేసులో పెట్టే వస్తువుకి! మిల్లు అమ్మేశాం, ధాన్యం డబ్బులు బ్యాంకుల్లోనే పడుతున్నాయి, నేనుండేది హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో. ఎవరూ వాడని పాత అప్లికేషన్‌కి కొత్త స్క్రీన్లు వేసి క్లయింటుకి చూపిస్తామే, సరిగ్గా అదే పని.

అమ్మ వంటింట్లోంచే అడిగింది: "రేపు నీకు పిల్లలు పుడితే అది ఎక్కడ దాస్తావురా?"

మేస్త్రి బిళ్ళలు సాదాగానే చేశాడు. ఉప్పుకాగితంతో నునుపు చేసి అవిసె నూనె పట్టించాడు, అంతే. చాలా బాగున్నాయి. మార్చిలో ఎన్నికల కోడ్ రాగానే నాన్నగారు రివాల్వర్‌ని పోలీస్ స్టేషన్లో జమ చేశారు. ఎన్నికలయ్యాక తెచ్చుకుని, నాకొకసారి ఫోన్ చేసి అడిగారు. వద్దన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత లైసెన్సున్న డీలరుకి అమ్మేశారు.

పగిలిన పాత బిళ్ళ మాత్రం నా మానిటర్ పక్కన ఉంది. పాతికేళ్ళ పాటు ఆయన బొటనవేలు ఆనిన చోట గళ్ళు అరిగిపోయి నున్నగా ఉంది. భయపడ్డ రాత్రుల్లో ఎంత గట్టిగా పట్టుకున్నారో ఏమో! ఏ మేస్త్రీ చెక్కలేని డిజైను అది.