మూడవ గొట్టము

బండి పరుగెత్తునప్పుడు ఎంజిను లోపములు చాలవరకు వేగములో మరుగుపడును. బండి నిలిచి, చక్రములతో సంబంధము లేక ఎంజిను ఊరక తిరుగుచున్నపుడే దాని గుట్టంతయు బయటపడును. మోటారు పనివారు దీనిని ఐడ్లింగు అందురు. అప్పుడు లోనికి పోవు గాలియు పెట్రోలును మిక్కిలి స్వల్పము. కావున వెండ్రుకవాసి తేడా వచ్చినను ఎంజిను తడబడును. క్రిందటి వేసవి సెలవులలో ఇంగ్లాండునందు మా మేనకోడలి యింట మూడు వారములుండి యీ సంగతిని కన్నులార చూచితిమి.

ఆ దేశమున కిట్టు కార్లని యొక జాతి బండ్లు కలవు. చట్రమును, రేకులను, తక్కిన సామగ్రిని విడివిడిగ తెచ్చుకొని, కొన్నవారే తమ షెడ్డులో కూర్చుకొందురు. 1957లో లోటస్ కంపెనీవారు వెలువరించిన ‘సెవెన్’ అను చిన్న బండి వీనిలో మిక్కిలి పేరు పొందినది. విడిభాగములుగ కొన్నచో ఆనాటి కొనుగోలు పన్ను తప్పెడిది. 1973లో ఆ పన్ను పోయెను గాని అభిరుచి పోలేదు. ఆ పోలికతో తయారగు బండ్లలో కొందరు కారు ఎంజినుకు బదులు మోటారుసైకిలు ఎంజినును అమర్తురు. అది తేలిక, నిమిషమునకు 10,000 చుట్లు దాటి తిరుగగలదు, గేరుపెట్టె దానిలోనే యిమిడియుండును. వెనుకకు నడుపు గేరు మాత్రముండదు. దానికి వేరే యేర్పాటు చేసికొనవలసినదే.

మా మేనకోడలు అట్టి బండిని రెండేండ్లుగ కూర్చుచున్నది. ఇంజనీరింగు చదివి ఉద్యోగము చేయుచున్న పిల్ల, వయస్సు 28. మా అక్కగారికి ఈ ముచ్చట గిట్టదు. “ఒరే తమ్ముడూ, నూనె చేతుల పిల్లను ఎవరు చేసుకుంటారురా? నువ్వు పంతులువి, నీ మాట వింటుంది. ఆ ఇనపసామాను అమ్మించి రా” అని చెప్పి, ఇద్దరు వరుల ఫోటోలు కూడ మా పెట్టెలో పెట్టి పంపిరి.

బండి అప్పటికి కదలుచుండెను గాని రోడ్డెక్కుటకు అనుమతి రాలేదు. ఇట్టి బండ్లకు 2009 నుండి ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్ అను పరీక్ష అమలులో నున్నది. అందు ఎంజిను ఊరక తిరుగుచుండగా పొగను కొలుతురు. ఈ బండి 1,200 చుట్ల యొద్ద నిలువవలసినది, 900కు పడి, 1,500కు లేచి, మరల పడుచుండెను. పరీక్షకు 11 దినములుండెను. “ఎంజిను కుదరక పరీక్ష తప్పితే అమ్మేస్తాను” అని ఆ పిల్ల తల్లికి మాట యిచ్చియుండెను.

స్నేహితులు తలకొక మందు చెప్పిరి. జెట్లు మార్చుమని యొకరు. కార్బురేటర్లనే పారవేసి ఇంజెక్షను కొనుమని యొకరు. ఐడ్లింగు మరను బిగించి చుట్లు పెంచిన చాలునని మరియొకరు. ఈ కడపటిది జ్వరము కొలుచు గాజుగొట్టమును చన్నీట ముంచి జ్వరము తగ్గెననుట వంటిది.

ఆ పిల్ల దేనిని ముట్టలేదు. చల్లని ఎంజినును చోకు లాగి నడిపెను, చక్కగ తిరిగెను. వేడెక్కి చోకు తీసినంతనే తడబాటు. “చోకు వేస్తే పెట్రోలు పాలు పెరుగుతుంది, మామయ్యా. అప్పుడు బాగుందంటే, ఇప్పుడు పెట్రోలు చాలడం లేదు, లేదా దొంగగాలి ఎక్కడో దూరుతోంది” అనెను. తరువాత చల్లార్చి, మరల నడిపి, వెంటనే నాలుగు పొగగొట్టములమీదను ఒక్కొక్క నీటిచుక్క విడిచెను. ఒకటవ, రెండవ, నాలుగవ గొట్టములమీద చుక్క చుఱ్ఱుమని యెగిరిపోయెను. మూడవదానిమీద కదలక నిలిచెను.

దోషము మూడవ సిలిండరున నున్నదని తేలినది. దాని ప్లగ్గును తీగతోగూడ రెండవదానితో మార్చి చూచెను. అప్పటికిని మూడవదే చల్లగనుండెను. కనుక ప్లగ్గును తీగయు నిర్దోషులు. ఆ రెండు సిలిండర్లకు రవ్వనిచ్చు కాయిలు ఒక్కటే గాన, రెండవది వేడెక్కుచుండగా దానిమీదను అనుమానము నిలువదు. అంతట సబ్బునీళ్ల పిచికారి పట్టెను. కొందరు పెట్రోలువంటి ద్రవము చల్లుదురు. వేడి ఎంజినుమీద అది నిప్పుతో చెలగాటము. కార్బురేటరును సిలిండరును కలుపు రబ్బరుమీద చల్లిన మార్పు లేదు. దాని క్రిందనున్న సన్నని గొట్టపుమొనమీద చల్లినంతనే ఎంజిను గొంతు మారి నిలకడకు వచ్చెను. నీరారినది, తడబడెను. మరల చల్లెను, నిలిచెను. మూడుసార్లు అట్లే జరిగెను.

సంస్కృతము చదువుకొన్ననాటినుండి అన్వయవ్యతిరేకములను గూర్చి పిల్లలకు చెప్పుచున్నాము. పొగయున్న వంటయిల్లు, నిప్పు లేని మడుగు, ఈ రెండుదాహరణములను దాటి మా తరగతి యెన్నడును పోలేదు, పరీక్షాపత్రములును పోనీయవు. ఆ మాట ఆమెతో ననగా, “పేరు బాగుంది మామయ్యా, ఆ స్పానరు ఇలా ఇవ్వండి” అనెను.

మోటారుసైకిలునందు ఆ మొననుండి పెట్రోలు కుళాయికి ఒక రబ్బరు గొట్టము పోవును. ఎంజిను గాలి పీల్చినపుడే ఆ కుళాయి తెరచుకొనును. కారులో పెట్రోలును కరెంటు పంపు పంపును గాన కుళాయి యక్కరలేదు. మొనకు గోరంత రబ్బరు టోపీ తొడిగి విడుతురు. ఆ టోపీ అడుగువైపు బీటవారినది. పైనుండి చూచువారికి కనబడదు.

క్రొత్త టోపీ తొడిగిన పిమ్మటనే ఆమె నాలుగు వాక్యూము గేజీలు తగిలించి కార్బురేటర్లను సరితూచెను: మొదట ఒకటి రెండు, పిదప మూడు నాలుగు, కడపట ఆ జంటలు రెండును. చిల్లు మూయకమునుపే ఈ సవరణకు దిగినవారు మూడు మంచి కార్బురేటర్లను ఒక చెడ్డదానికి సరిపడ చెడగొట్టుదురు. ముల్లు 1,200 మీద నిలిచెను.

పొగ పరీక్షలో బండి నెగ్గినది. కాని అద్దము అంచు పదునుగ నున్నదని దానిని త్రిప్పిపంపిరి. ఇది పరీక్ష తప్పుటయేనని ఫోనులో అక్కగారు, కాదని అమ్మాయి. తీర్పు మామీద పెట్టిరి. ఇచ్చిన మాట ఎంజినును గూర్చియే గాని అద్దమును గూర్చి కాదని చెప్పితిమి. ఫోటోలు పెట్టెలోనే తిరిగివచ్చినవి. అక్కగారింకను మాతో సరిగ మాటలాడుటలేదు.