కోయంబత్తూరు: దీపం వెలిగే కిటికీలెన్ని?

కోయంబత్తూరుకు పడమటగా తొండాముత్తూరు రోడ్డు మీద సాయంత్రం ఏడయ్యేసరికి కొండలు కనిపించకుండా పోతాయి. అప్పటిదాకా నీలంగా నిలబడిన వెళ్లియంగిరి వరుస చీకట్లో కలిసిపోగానే, ఆ చుట్టుపక్కల వెలసిన రిటైర్మెంట్ కాలనీల్లో దీపాలు వెలుగుతాయి. భోజనశాలలో గంట మోగుతుంది. చేతికర్రల టకటకలు, చెప్పుల ఈడ్పు, ‘జాగ్రత్త, అక్కడ మెట్టుంది’ అనే హెచ్చరికలు. పావుగంటలో స్టీలు కంచాల ముందు అందరూ సర్దుకుంటారు. ఇక్కడ ఇల్లు కొందామని వచ్చినవాళ్లు చూడాల్సింది ఆ పావుగంటనే. ఏ కిటికీలో దీపం ఉంది, ఏది చీకటిగా ఉంది అన్నది బ్రోషర్లో రాయరు మరి.

కానీ కొనేవాళ్లను కారెక్కించి తీసుకొచ్చేది శనివారం ఉదయం పదింటికి. ఆ వేళకు కాలనీ అంతా ఎండలో తళతళలాడుతుంటుంది. నిండిన ఇల్లూ ఖాళీ ఇల్లూ ఒకేలా కనిపిస్తాయి.

వీటిని వృద్ధాశ్రమాలంటే ఇక్కడివాళ్లు నొచ్చుకుంటారు. ఆశ్రమం ఎవరో దయతలిచి నీడనిచ్చే చోటు. ఇది సొంత డబ్బుతో, సొంత పేరు మీద రిజిస్టరు చేయించుకున్న ఇల్లు. పడక గది పక్కన అలారం బటన్, స్నానాల గదిలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు తలుపు, మూడు పూటలా వండిపెట్టే వంటశాల, పిలిస్తే వచ్చే నర్సు. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండగా, పెద్ద ఇంట్లో ఇద్దరే మిగిలిన మధ్యతరగతి దంపతులకు 2000 దశకంలో దక్షిణాది బిల్డర్లు చూపించిన దారి ఇది. ఆ దారిలో కోయంబత్తూరు ముందు నడిచింది.

అందుకు కారణాలు కంటికి కనిపించేవే. ఊరు సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తున ఉంది. ఏప్రిల్‌లో ఇక్కడా ఎండలు మండుతాయి. అయితే జూన్ వస్తే పాలక్కాడ్ కనుమ గుండా పడమటి గాలి వీస్తుంది. మే నెల విజయవాడలో గడిపినవాళ్లకు ఆ గాలి విలువ చెప్పనక్కర్లేదు. శిరువాణి నీళ్ల రుచి తమిళనాడంతటా పేరుమోసింది. నొయ్యల్ ఒడ్డున పేరూరు గుడి, కొండ మీద మరుదమలై, అనైకట్టి దారిలో స్వామి దయానంద సరస్వతి స్థాపించిన ఆర్ష విద్యా గురుకులం, కొండపాదంలో 2017లో వెలసిన 112 అడుగుల ఆదియోగి. దైవచింతనకు లోటు లేదు. రోగచింతన తప్పదు కనుక పెద్ద ఆసుపత్రులూ ఉన్నాయి. కాకపోతే వాటిలో చాలావరకు ఊరికి తూర్పున, అవినాశి రోడ్డు వైపున ఉన్నాయి. పడమటి కాలనీలో అర్ధరాత్రి ఛాతీ పట్టేస్తే ఊరంతా దాటుకుని వెళ్లాలి. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద 10.1 కిలోమీటర్ల వంతెన తెరిచాక ఆ ప్రయాణం కొంత తేలికైంది. ఆ వంతెనకు పెట్టింది జి.డి.నాయుడు పేరు.

తెలుగువారికి ఆ పేరు దగ్గర ఓ క్షణం ఆగాలనిపిస్తుంది. ఈ ఊరి మిల్లులు, మోటార్లు, కాలేజీల వెనుక ఉన్న నాయుళ్ల కుటుంబాలు చాలా ఇళ్లలో ఇప్పటికీ తెలుగే మాట్లాడుకుంటాయి. వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు. శతాబ్దాల కిందట వలస వచ్చిన ఆ తెలుగుకూ గుంటూరు నుంచి నిన్న రైలు దిగిన తెలుగుకూ పొంతన తక్కువే. అయినా, ఫార్మసీ కౌంటర్ దగ్గర అది వినబడితే కొత్తగా వచ్చినవాళ్ల మొహం విప్పారుతుంది. కేరళ వెళ్లే శబరి, కేరళ ఎక్స్‌ప్రెస్‌లు ఈ ఊరి మీదుగానే పోతాయి. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లలేక, ఉన్న ఊళ్లో ఒంటరిగా ఉండలేక, సర్వీసులో ఉన్నప్పుడు చూసిన తమిళ దేశం మీద గురి కుదిరి వచ్చే ఆంధ్రా దంపతులు శనివారం కార్లలో ఉంటారు.

వాళ్లకు మార్కెట్ మందగించిన రోజులు పండగలా కనిపిస్తాయి. 2008-09లో అమెరికా సంక్షోభం ఇక్కడి ఎన్నారై కొనుగోళ్లను తాకినప్పుడు అలాగే అనిపించింది. 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాక, 2017 మే 1న రెరా చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చి, జులై 1న జీఎస్టీ మొదలయ్యాక మరింతగా అనిపించింది. ఆ ఏడాది జూన్‌లోనే తమిళనాడు ప్రభుత్వం గైడ్‌లైన్ విలువలను 33 శాతం తగ్గించి, రిజిస్ట్రేషన్ ఫీజును 1 శాతం నుంచి 4కు పెంచింది. (2023 ఏప్రిల్‌లో పాత విలువలు తిరిగి వచ్చాయి, ఫీజు 2 శాతానికి దిగింది. 7 శాతం స్టాంపు డ్యూటీ మామూలే.) 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ కూలాక బిల్డర్లకు అప్పు పుట్టడమే కష్టమైంది. ఇలాంటి రోజుల్లో సేల్స్ ఆఫీసు స్వరం మారిపోతుంది. అడగకుండానే కాఫీ వస్తుంది. రేటు తగ్గించామని నోటితో అనరు. మాడ్యులర్ కిచెన్ ఉచితం, ఏడాది మెయింటెనెన్స్ ఉచితం, రిజిస్ట్రేషన్ ఖర్చు మాదే అంటారు.

మామూలు అపార్ట్‌మెంటయితే ఈ బేరం నిజంగా బేరమే. నాలుగిళ్లు ఖాళీగా ఉన్నా అయిదో ఇంటివాడి కాఫీ ఆగదు. రిటైర్మెంట్ కాలనీలో ఆగుతుంది. ఇక్కడ కొనేది గోడలను కాదు, పొద్దున ఆరింటికి కాఫీ పెట్టే మనిషిని, రాత్రి రెండింటికి ఫోనెత్తే నర్సును. వాళ్ల జీతాలు ఇళ్లు నిండినా నిండకపోయినా దాదాపు ఒకటే. పంచుకునేవాళ్ల సంఖ్యే మారుతుంది.

ఊహకు ఓ లెక్క వేసుకోవచ్చు. వంద ఇళ్ల కాలనీ. వంట, నర్సులు, కాపలా, అంబులెన్సు, జనరేటర్ కలిపి నెలకు 6 లక్షల ఖర్చు. 80 ఇళ్లవాళ్లు భరిస్తే తలా 7,500. అమ్మకాలు ఆగిపోయి 40 ఇళ్లే నిండితే 15,000. నివాసుల సంఘాలకు కట్టే నెలసరి మెయింటెనెన్స్ 7,500 దాటితే 18 శాతం జీఎస్టీ పడుతుంది. 2018 జనవరికి ముందు ఆ పరిమితి 5,000గా ఉండేది. అంటే 15,000కు మరో 2,700. ఇల్లు కొన్నప్పుడు 5 లక్షలు తగ్గించారని మురిసిపోయిన దంపతులు ఏడాదికి లక్షా 22 వేలు అదనంగా కడతారు. నాలుగేళ్లు దాటగానే రాయితీ హుళక్కి. పెన్షన్ అంత వేగంగా పెరగదు. ఆచరణలో ఇంకోటి జరుగుతుంది. ఖర్చు పెంచలేక ముందు రాత్రి నర్సును తీసేస్తారు, తర్వాత రెండో వంటమనిషిని. కూర ఒకటవుతుంది. ఎవరూ ఫిర్యాదు చేయనట్టే ఉంటుంది గానీ, భోజనశాలలో మాటలు తగ్గుతాయి.

ఖాళీ ఇళ్లలోనూ రెండు రకాలు. అమ్ముడుపోనివి ఒకటి, వాటి వాటా బిల్డర్ కట్టాలి, కడుతున్నాడో లేదో చిట్టాలో చూడాలి. రెండోది అమ్ముడైనా ఎవరూ దిగనివి. న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తూ, పదిహేనేళ్ల తర్వాత వస్తామని యాభయ్యో ఏట కొనిపెట్టుకున్నవాళ్లు మెయింటెనెన్స్ పంపుతారు గానీ భోజనానికి రారు, బ్యాడ్మింటన్‌కూ రారు, పక్కింటాయన పడిపోతే లేపడానికీ రారు. అందుకే ఎన్ని అమ్ముడయ్యాయని అడిగితే వచ్చే జవాబు ఎంత నిజమైనా చాలదు. ఈ పూట ఎన్ని కంచాలు వేశారని అడగాలి. సేల్స్ మేనేజర్ కంటే ఆ సంగతి వంటమనిషికి బాగా తెలుస్తుంది.

కొత్త ఇళ్లకు మరో తిరకాసుంది: కాలం. ముప్ఫై అయిదేళ్లవాడికి రెండేళ్ల ఆలస్యం అంటే రెండేళ్ల అద్దె. అరవై ఎనిమిదేళ్లవాడికి అది మోకాళ్లు సహకరించే చివరి రెండేళ్లు కావచ్చు. మార్కెట్ మందగిస్తే ముందు ఆగేది మూడో బ్లాకు నిర్మాణం. క్లబ్‌హౌస్, చికిత్సా కేంద్రం వంటివన్నీ ఆ మూడో బ్లాకులోనే ఉంటాయి, అదేం విచిత్రమో. కడుతున్న ఇంటికి 2019 ఏప్రిల్ నుంచి 5 శాతం జీఎస్టీ (అందుబాటు ధర ఇళ్లకు ఒక శాతమే), కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఇంటికి సున్నా. పన్ను లెక్క కూడా పూర్తయిన ఇంటి వైపే మొగ్గుతోంది. కొనుగోలుదారుల నుంచి వసూలైన సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచాలని, ఒప్పందం రిజిస్టరు కాకముందు 10 శాతానికి మించి తీసుకోకూడదని, అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే సొంత ఖర్చుతో సరిచేయాలని రెరా బిల్డర్‌ను కట్టడి చేసింది. అదంతా గోడలకు. సాంబారుకు రెరా లేదు. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్‌లకు నమూనా మార్గదర్శకాలు తెచ్చి, కొనేవాళ్లు, బిల్డర్, సేవలు అందించే సంస్థల మధ్య త్రైపాక్షిక ఒప్పందం ఉండాలంది. మంచి మాటే. కానీ అవి రాష్ట్రాలకు నమూనా మాత్రమే.

ఇంతకూ ఇక్కడ కొనాలంటే అక్కడ అమ్మాలి. మార్కెట్ చల్లబడిందని మురిసే పెద్దలు చాలామంది మర్చిపోయేది దీన్నే. కోయంబత్తూరులో బిల్డర్ దిగివచ్చిన రోజుల్లోనే విజయవాడలోని సొంతింటికి వచ్చే బేరగాడూ దిగదీసి అడుగుతాడు. పాత ఇల్లు అమ్మిన లాభం మీద పన్ను తప్పించుకోవాలంటే అమ్మకానికి ఏడాది ముందునుంచి రెండేళ్ల తర్వాతలోపు కొత్త ఇల్లు కొనాలి, కట్టించుకుంటే మూడేళ్లు. అమ్ముడుకాని ఇల్లు ఓ వైపు, ఆగిన నిర్మాణం మరోవైపు. మధ్యలో ఈ గడువు గడియారం. అమెరికాలో ఇదే కథ పెద్ద ఎత్తున నడిచింది. 1960 జనవరి 1న అరిజోనాలో డెల్ వెబ్ తెరిచిన సన్ సిటీతో రిటైర్మెంట్ ఊళ్లకు దారిపడిన ఆ దేశంలో, 2006 తర్వాత ఫీనిక్స్ ప్రాంతపు ఇళ్ల ధరలు అయిదేళ్లలో సగానికి పైగా పడిపోయాయి. చవకగా కొత్త ఇళ్లు సిద్ధంగా ఉన్నా, చలి రాష్ట్రాల్లో తమ ఇల్లు అమ్ముడుపోక ఎందరో పెద్దలు కదల్లేకపోయారు.

కొన్నాక అమ్మాల్సి వస్తే? ఆ ప్రశ్న అడగడానికి చాలామందికి నోరు రాదు, ఎందుకంటే అమ్మాల్సి వచ్చే సందర్భం ఏమిటో అందరికీ తెలుసు. ఒకరు పోతారు, మిగిలినవాళ్లను పిల్లలు తీసుకెళ్తారు. ఇల్లు వారసులకు వస్తుంది, కానీ వయోపరిమితి ఉన్న చోట నలభై ఏళ్ల కొడుకు అందులో కాపురం పెట్టలేడు. అద్దెకిచ్చినా, అమ్మినా ఆ వయసు వాళ్లకే. పక్కనే అదే బిల్డర్ కొత్త బ్లాకు అమ్ముతుంటే పాత ఇంటికి గిరాకీ ఎక్కడిది? మందగించిన మార్కెట్లో తెలివైన బేరం ఒకటుందంటే, అది కొత్తవాటి పక్కనే ఉన్న ఈ పాత ఇళ్లలోనే. రంగు వెలిసి ఉంటుంది, కానీ వంటశాల పదేళ్లుగా నడుస్తోందన్న రుజువు కళ్లెదుట ఉంటుంది. అక్కడ కొనే ముందు కూడా బదిలీ ఫీజు ఎంత, కార్పస్ నిధి ఎవరి పేరున ఉంది, బిల్డర్ దాన్ని సంఘానికి అప్పగించాడా అని చూసుకోవాల్సిందే. ఆ నిధి వడ్డీ మీదే ఆధారపడ్డ కాలనీలు వడ్డీరేట్లు పడినప్పుడల్లా కుదుపు తింటాయి. వృద్ధుల సొంత పొదుపులూ అంతే. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీం వడ్డీ 2015-16లో 9.3 శాతం, 2020 ఏప్రిల్‌లో 7.4, 2023 ఏప్రిల్‌లో 8.2.

ఇవన్నీ సాధారణంగా ఆయన అడిగే ప్రశ్నలు. ఫైలు, పెన్ను, కళ్లజోడు ఆయనవే. ఆమె వంటశాల గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ‘ఏవండీ, రోజూ ఇదే పులుసా? పప్పు చేస్తారో లేదో కనుక్కోండి’ అంటుంది. ఆయన విసుక్కుంటారు. కానీ మగవాళ్లకంటే ఆడవాళ్ల ఆయుర్దాయం ఎక్కువ, పెళ్లినాటికి భార్య చిన్నది కూడా. ఈ ఇంట్లో చివరి పదేళ్లూ ఒంటరిగా ఉండబోయేది చాలావరకు ఆమే. తమిళం రాదు. టీవీ ముందు కూర్చుంటే పక్కావిడ మాటలు సగమే అర్థమవుతాయి. అయినా ఇల్లు ఆయన పేరు మీదే రాస్తారు. రెండు పేర్లూ ఉండాలని సేల్స్ ఆఫీసులో గుర్తుచేసేవాళ్లు అరుదు.

కొందరు తొందరపడరు. అడ్వాన్సు ఇవ్వకుండా అతిథి గది అద్దెకు తీసుకుని రెండు రాత్రులు ఉంటారు. ఆవకాయ సీసా వెంట తెచ్చుకుంటారు. ఏడింటికి గంట మోగగానే అందరితోపాటు వెళ్లి కూర్చుంటారు. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో, రాత్రిపూట కొండ దిగి అరటితోటల్లోకి వచ్చే ఏనుగుల కబుర్లేమిటో వింటారు. తిన్నాక వరండాలో నిలబడి మొదటి రాత్రి ఆయన కిటికీలు లెక్కపెడతారు, రెండో రాత్రి ఆమె. ఇద్దరి లెక్కా కలవదు. ఆయన చీకటి అని వదిలేసిన కిటికీలో దీపం లేదు, టీవీ వెలుతురుంది. దాన్నీ కలపాలంటుంది ఆవిడ.