రాజు ముందు బంటా, మంత్రి ముందు బంటా

తెల్లపావులు తీసుకున్నవాడికి మొదటి ఎత్తుకు 20 దారులుంటాయి. ఎనిమిది బంట్లకు రెండేసి చొప్పున 16, రెండు గుర్రాలకు కలిపి నాలుగు. నల్లవాడు కూడా ఒక ఎత్తు వేసేసరికి అవి 400 అవుతాయి. ఇన్ని ఉన్నా ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల వరండాల్లో నేను చూసిన ఆటలు దాదాపు అన్నీ రెండింటితోనే మొదలయ్యేవి. రాజు ముందు బంటు, కాకపోతే మంత్రి ముందు బంటు. ఆ ఒక్క ఎత్తుకు ఎవరైనా తటపటాయిస్తే చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకునేవారు కాదు. "ఏట్రా, బంటు జరపడానికి ఇంతసేపా? మెయిల్ ఎల్లిపోద్ది!"

నాకు మాత్రం ఆ తటపటాయింపు మీద గౌరవం. గుర్రాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు, బంటును తెచ్చుకోలేం. ఖరగ్‌పూర్ యార్డు దాటిన బండి టాటానగర్ లైను పట్టాక బాలాసోర్ వైపు చూడనట్టే, తోసిన బంటు ఆట ఆసాంతం మన వెంట వస్తుంది.

మన వాళ్లు ఇక్కడికి వచ్చింది కూడా ఆ బాలాసోర్ లైను మీదుగానే. 1900లో కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నది మీద వంతెన పూర్తయి బెంగాల్ నాగపూర్ రైల్వే హౌరాకు చేరింది. 1902లో తూర్పు తీరపు లైను ఉత్తర భాగం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. దాంతో వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ ఊళ్లయ్యాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరినవాళ్ల కుటుంబాలు నీంపురాలో, మథురాకాటీలో తరాలుగా ఉన్నాయి. సబ్బుతో ఎంత రుద్దినా గోళ్ల చుట్టూ గ్రీజు వదలని వేళ్లతో బంటును పట్టుకునే పెద్దవాళ్లను చూస్తూ నేను ఆట నేర్చుకున్నాను. వాళ్లలో కొందరు ఊరి నుంచి తెచ్చుకున్న పాత పద్ధతే ఆడేవారు. అందులో బంటు మొదటిసారైనా సరే ఒక్క గడే కదులుతుంది. రాజుకు ఒక్కసారి గుర్రంలా దూకే వెసులుబాటు ఉంటుంది.

ఆ పద్ధతిలో ఆట మెల్లగా తెరుచుకుంటుంది. నడిమి గడుల్ని ఒక్క అంగలో ఆక్రమించడం కుదరదు కాబట్టి ముందు ఇల్లు చక్కబెట్టుకోవాలి. గుర్రం ముందున్న బంటును ఒక గడి జరిపి, ఆ ఖాళీలో శకటును కూర్చోబెట్టి, ఆ మూల నుంచి బల్లంతా కాపు కాయాలి. పుస్తకం చదివి వచ్చిన కుర్రాళ్లకు ఇదంతా పిరికి ఆటలా కనిపించేది.

అది పిరికి ఆట కాదని తేల్చిన మనిషి ఇక్కడికి 115 కిలోమీటర్ల దూరంలోని కలకత్తాలో ఆడాడు. పేరు మహేశ్‌చంద్ర బెనర్జీ. పల్లెపట్టున ఓటమి ఎరగని ఆటగాడని విని, జాన్ కోక్రేన్ అనే బారిస్టరు ఆయన్ను నగరానికి రప్పించి ఏళ్ల తరబడి ఆడాడు. కోక్రేన్ ఆనాటి మేటి ఆటగాళ్లలో ఒకడు. ఎక్కువ ఆటలు గెలిచింది అతనే. 1855 నాటి ఒక ఆటలో కోక్రేన్ మంత్రి ముందు బంటుతో మొదలుపెడితే, బెనర్జీ గుర్రాన్ని బయటికి తెచ్చి, రెండో ఎత్తుకు గుర్రం ముందు బంటును ఒక గడి జరిపి, మూడో ఎత్తుకు మంత్రి ముందు బంటును రెండు గడులు తోశాడు. నడుమ భాగం తెల్లవాడికి వదిలి, మూలనున్న శకటుతో దాన్ని కొట్టడం ఆ ఎత్తుల్లోని ఆలోచన. ఆ ఆట కూడా కోక్రేనే గెలిచాడు, కానీ ఆ ఆలోచన నిలిచింది. 1922లో వియన్నా ఆటగాడు ఎర్నెస్ట్ గ్రున్‌ఫెల్డ్ ఆ ఎత్తుల్నే మళ్లీ తెచ్చాక ప్రపంచం వాటికి అతని పేరు పెట్టుకుంది. తర్వాత కాస్పరోవ్ దాన్ని ఏళ్ల పాటు ఆడాడు.

ఈ సంగతి తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పాత నియమాల అలవాటును బెనర్జీ వదిలించుకోలేదు. ఒంటి గడి నడకను ఉంచుకున్నాడు, కొత్తగా వచ్చిన రెండు గడుల తోపును దానికి సరైన చోట కలిపాడు. తన చేతికి అలవాటైన ఆటలోంచి మొదటి ఎత్తులు పుట్టించుకున్నాడు. ఓపెనింగ్ ఎంచుకోవడమంటే నా లెక్కలో ఇదే.

ఇప్పటి పిల్లలు ఫోన్లో చూసి పదిహేను ఎత్తుల దాకా అప్పజెబుతారు. పదహారో ఎత్తుకు దిక్కులు చూస్తారు. వాళ్ల శ్రద్ధ మీద నాకే అనుమానమూ లేదు, వాళ్లకు చూపించిన దారి మీదే నా బెంగ. ఏ బంటు ఎందుకు కదిలిందో చెప్పగలిగినంతే నేర్చుకుంటే చాలు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి ఎక్కువగా మంత్రి ముందు బంటుతోనే మొదలుపెడుతుంది. ఆమె దాన్ని ఏళ్లుగా ఆడి తనదిగా చేసుకుంది. గుంటూరు హరికృష్ణ నల్లపావులతో ఫ్రెంచ్ డిఫెన్స్‌ను నమ్ముకుని, దాని మీద పాఠాలు కూడా చెప్పాడు.

మారకూడదని కాదు. విశ్వనాథన్ ఆనంద్ పేరు చెబితే రాజు ముందు బంటే గుర్తొచ్చేది. 2008లో బాన్‌లో క్రామ్నిక్‌తో ప్రపంచ పోటీలో, రెండో ఆటలో తెల్లపావులతో కూర్చుని మంత్రి ముందు బంటును తోశాడు. ఆ ఏర్పాట్లలో సాయపడ్డవాళ్లలో కోల్‌కతా గ్రాండ్‌మాస్టర్ సూర్యశేఖర్ గంగూలీ ఒకడు. ఆనంద్ 6.5–4.5తో గెలిచాడు. ఒక దారిలో అంతకాలం నడిచినవాడు కాబట్టే రెండో దారి పట్టగలిగాడని నా నమ్మకం.

నీంపురాలో ఎవరైనా తమ పిల్లకో పిల్లవాడికో ఏ ఎత్తు నేర్పమంటారని అడిగితే, ముందు రాజు ముందు బంటు అంటాను. శకటుకూ మంత్రికీ ఒకేసారి దారి తెరుచుకుంటుంది, పావులన్నీ త్వరగా బయటికొస్తాయి, తప్పు జరిగితే వెంటనే కనబడుతుంది. ఏడాది పాటు మార్చనివ్వకండి. ఆ తర్వాత 1855 నాటి ఆట తెరవండి, ఆ ఫోన్లోనే దొరుకుతుంది. మూడో ఎత్తు దగ్గర ఆపి, నల్లవాడు ఆ బంటును ఎందుకు తోశాడో పిల్లల్నే చెప్పమనండి.