ఉన్‌సఠ్ అంటే ఎంత?

మా ఇంట్లో వేసవి సెలవుల్లో ఆడే పేకాట పేరు లీస్ట్ కౌంట్. మా అమ్మమ్మ దాన్ని ఒకే మాటగా ‘లీసుకౌంటు’ అంటుంది. అది ఇంగ్లీషు మాట అని ఆవిడ ఒప్పుకోదు. భీమిలిలో తన చిన్నప్పటినుంచీ ఆడుతున్నారట, కాబట్టి తెలుగే.

మూడేళ్ల కిందట నేను ఆరో తరగతిలో ఉండగా మేం విశాఖపట్నం నుంచి భిలాయి వచ్చాం. నాన్న సీఐఎస్ఎఫ్‌లో పనిచేస్తారు. అక్కడా ఉక్కు కర్మాగారమే, ఇక్కడా ఉక్కు కర్మాగారమే. గేటు మారింది, సముద్రం పోయింది, అంతే అన్నారు నాన్న. అమ్మమ్మ మాతోపాటే సమతా ఎక్స్‌ప్రెస్‌లో వచ్చింది. రాయగడ దాటాక పెట్టెలో తెలుగు తగ్గిపోయింది, టిట్లాగఢ్ దాటాక అసలు వినపడలేదు. అప్పుడు ఆవిడ చేతిసంచీలోంచి పేకముక్కల పెట్టె తీసి, పైబెర్తు మీద ఉన్న నన్నూ తమ్ముణ్ణీ కిందికి పిలిచింది. దుర్గ్‌లో దిగేసరికి మాకు ఆట వచ్చేసింది.

“పిల్లలకి పేక నేర్పుతావేంటమ్మా?” అని అమ్మ కోప్పడింది. పేక అంటే డబ్బులు పెట్టి ఆడేదని అమ్మ భయం. ఈ ఆటలో పైసా ఉండదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, కూడికలు, అంతే. నాలుగు ఆటలు పక్కన కూర్చుని చూశాక అమ్మే “నాకూ వెయ్యండి” అంది.

ఎలా ఆడాలో చెబుతాను. ఇవి మా ఇంటి నియమాలు. ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఆడతారు, అందుకే ముక్కలు పంచకముందే అన్నీ మాట్లాడుకోవాలి.

ఒక్కొక్కరికి ఏడు ముక్కలు. మిగిలిన కట్టలోంచి ఒక ముక్క తీసి జోకరుగా పెడతాం. అది ఎనిమిది అయితే, నాలుగు ఎనిమిదులూ జోకర్లే. జోకరు విలువ సున్నా. ఆసుకి ఒకటి. రెండు నుంచి పది దాకా ఎంత రాసుంటే అంత. జాకీ, రాణి, రాజు ముగ్గురికీ తలా పది. కొందరు పదకొండు, పన్నెండు, పదమూడు అని లెక్కేస్తారు. అలా వేస్తే కట్ట మొత్తం 364 అవుతుంది, మా లెక్కలో 340. (364కి ఒకటి కలిపితే సంవత్సరం అని మా తమ్ముడు కనిపెట్టి వారం రోజులు అందరికీ చెప్పాడు.)

చేతిలో ఉన్న ముక్కల మొత్తం తగ్గించుకోవడమే ఆట. మీ వంతు వచ్చినప్పుడు ముందు ఒక ముక్క కింద పడెయ్యాలి, తర్వాత ఒకటి తీసుకోవాలి. కట్టలోంచి తీసుకోవచ్చు, లేదా మీ ముందువాళ్లు పడేసిన ముక్క తీసుకోవచ్చు. ఒకే అంకె ఉన్న ముక్కలు రెండో మూడో ఉంటే అన్నీ ఒకేసారి పడెయ్యొచ్చు, కానీ తీసుకునేది ఒక్కటే. ముందువాళ్లు వేసిన అంకే మీరూ వేస్తే అసలు తీసుకోనక్కర్లేదు. అలా చేతిలో ముక్కలు తగ్గుతూ వస్తాయి.

ఉదాహరణకి మీకు రాజు, తొమ్మిది, తొమ్మిది, ఆరు, నాలుగు, రెండు, ఆసు వచ్చాయనుకోండి. మొత్తం 41. కొత్తగా ఆడేవాళ్లు వెంటనే రాజుని పడేస్తారు, అది పెద్దగా కనిపిస్తుంది కాబట్టి. అమ్మమ్మ అలా చెయ్యదు. రెండు తొమ్మిదులూ కలిపి పడేస్తుంది. 18 పోయి 23 మిగిలింది. కింద ముందువాళ్లు వేసిన మూడు ఉంటే అది తీసుకుంటుంది, 26. కట్టలోంచి తీస్తే ఏమొస్తుందో తెలీదు. జోకరు సంగతి పక్కన పెడితే ఒక్కో ముక్క సగటున ఆరున్నర పడుతుంది, 340ని 52తో భాగించి చూడండి. అమ్మమ్మ భాగహారం చెయ్యలేదు, కానీ “అయిదు కంటే చిన్నదైతే కింద నుంచి తియ్యి, పెద్దదైతే కట్టని నమ్ముకో” అంటుంది. రెండూ దాదాపు ఒకటే.

అందరికంటే మీ మొత్తమే తక్కువ అని నమ్మకం కుదిరినప్పుడు, మీ వంతు రాగానే ముక్క వెయ్యకుండా “షో” అనాలి. అందరూ ముక్కలు తిప్పి చూపిస్తారు. మీదే తక్కువైతే మీకు సున్నా, మిగతావాళ్లకి వాళ్ల చేతిలో ఎంతుంటే అంత. ఇంకొకరికి మీకంటే తక్కువున్నా, మీతో సమానంగా ఉన్నా మీకు 50. 200 దాటినవాళ్లు ఔట్. చివరికి మిగిలినవాళ్లు గెలిచినట్టు.

భిలాయిలో మొదటి వేసవి. మధ్యాహ్నం బయటికి వెళ్లే మాటే లేదు. అందరిళ్లలోనూ కూలర్ ఉంటుంది, మా ఇంట్లో కూడా కొన్నారు. దాని గాలికి పేకముక్కలు ఎగిరిపోతుంటే అమ్మమ్మ కింద పడేసిన ముక్కల మీద తన కళ్లజోడు డబ్బా బరువుగా పెట్టేది. ఆ కూలర్ కోసమో ఆట కోసమో పక్క క్వార్టరు అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. వాళ్లది బీహార్, నా తరగతే. అమ్మమ్మకి హిందీ రాదు. పక్కన చాప మీద చేత్తో తట్టింది, ఆ అమ్మాయి వచ్చి కూర్చుంది.

ముక్కల పేర్లతోనే తికమక మొదలైంది. మేం ఇస్పేటు, కళావరు, డైమను, ఆఠీను అంటే, తను హుకుం, చిడీ, ఈంట్, పాన్ అంది. మా జాకీ వాళ్లకి గులాం, మా రాణి బేగం, మా రాజు బాద్‌షా, మా ఆసు ఇక్కా. తర్వాతెప్పుడో నాన్న చెప్పారు, మన కళావరు, ఆఠీను కూడా అచ్చ తెలుగు కాదట. డచ్చివాళ్లు క్లావర్, హార్టెన్ అనేవాటిని మనం అలా చేసుకున్నామట. భీమిలిలో డచ్చివాళ్ల కోట ఉండేది, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, నేను చూశాను. అమ్మమ్మ అయితే “డచ్చోళ్లే మన దగ్గర నేర్చుకుని ఉంటారు” అని కొట్టిపడేసింది.

పేర్లతో ఇబ్బంది రాలేదు, బొమ్మ చూస్తే తెలిసిపోతుంది కదా. ఇబ్బంది అంకెలతో వచ్చింది.

తెలుగులో ఇరవై తొమ్మిది అంటే ఇరవై, తొమ్మిది. యాభై తొమ్మిది అంటే యాభై, తొమ్మిది. వింటూనే రాసెయ్యొచ్చు. హిందీలో అలా కాదని నాకు భిలాయి వచ్చాకే తెలిసింది. ఉన్‌తీస్ అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ఉన్‌చాస్ అంటే యాభైకి ఒకటి తక్కువ. ఇలాగే పోతుందిలే అనుకుంటే 89 దగ్గర నవాసీ అని మళ్లీ దారి మార్చేస్తుంది. తరగతిలో టీచరు గబగబా అంకెలు చెబుతుంటే నేను పక్కవాళ్ల పుస్తకంలోకి చూసి రాసుకునేదాన్ని. నాకు తెలీదని ఎవరికీ చెప్పలేదు. కొత్త బడి, కొత్త ఊరు. మీలో చాలామందికి ఆ సంగతి తెలుసు. మొదటి నెలల్లో ‘మళ్లీ చెప్పు’ అని అడగడం చాలా కష్టం.

ఒక మధ్యాహ్నం నోటుపుస్తకం నా చేతిలో ఉంది. పక్కింటి అమ్మాయికి అప్పటికి 138. రెండు చుట్లు తిరగ్గానే మా తమ్ముడు “షో” అన్నాడు. తన చేతిలో ఏడు ముక్కలూ అలాగే ఉన్నాయి. మనసులో కూడుకుని “ఉన్‌సఠ్” అంది. సఠ్ అంటే అరవై, ముందు ఉన్ అంది కాబట్టి తొమ్మిది అనుకున్నాను. 69 రాశాను. 138కి 69 కలిపితే 207. ఔట్ అన్నాను.

తను నా వైపు ఒకసారి చూసి లేచి వెళ్లిపోయింది. ఆ ఆట తమ్ముడు గెలిచాడు.

నాలుగు రోజులు తను రాలేదు. బడిబస్సులో అయితే ఎలాగో పలకరించేదాన్ని, సెలవులు కదా. “ఏటే పాపా, ఆ గుంట రాట్లేదేటి?” అని అమ్మమ్మ రోజూ అడిగేది. ఔటయిందని అలిగిందేమో అన్నాను. అమ్మమ్మ ఊరుకోలేదు. “ఎలగ ఔటయింది? బొమ్మలు మూడూ ఆ గుంట చేతిలోనే ఇరుక్కుపోనాయి. రాజు, రాణి, జాకీ. ఇంకా తొమ్మిది, ఎనిమిది, ఏడు, అయిదు. నువ్వు కూడు” అంది.

కూడాను. ముప్పై, ముప్పై తొమ్మిది, నలభై ఏడు, యాభై నాలుగు, యాభై తొమ్మిది. 138కి 59 కలిపితే 197. తను ఔట్ కాలేదు.

నాలుగు రోజుల కిందటి ముక్కలు అమ్మమ్మకి ఎలా గుర్తున్నాయో నాకిప్పటికీ అర్థం కాదు. “అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అన్నాను ఏడుపు గొంతుతో. “ఆ గుంట ఏమందో నాకేటి తెలుసు, నీకు హిందీ వచ్చు కదా అనుకున్నాను” అంది.

నాకు వచ్చని ఆవిడ కూడా నమ్మింది.

నోటుపుస్తకం పట్టుకుని పక్కింటికి వెళ్లాను. 69 కొట్టేసి పక్కన 59 రాసి చూపించాను. నాకు ఉన్‌సఠ్ తెలీదని చెప్పాను. తమ్ముణ్ణి గెలిపించడానికి నేను కావాలనే చేశాననుకుందట తను. కాసేపు పుస్తకంలోకే చూసి, “ఫిర్‌సే పూఛ్ లేతీ నా” అంది. ఆ తర్వాత మెల్లగా ఇంకో మాట చెప్పింది. అమ్మమ్మ “యాభై”, “ఎనభై” అంటుంటే తనకి రెండూ ఒకేలా వినిపిస్తాయట. అడగడానికి మొహమాటపడి నవ్వి ఊరుకునేదట.

ఆట 197 దగ్గర్నుంచే మళ్లీ మొదలుపెట్టాం. తమ్ముడు తన గెలుపు పోయిందని గోల చేశాడు. తర్వాతి చుట్టులోనే ఆ అమ్మాయి 12తో ఔటయింది. అదేం పట్టించుకోలేదు.

ఆ రోజునుంచి ఒక కొత్త నియమం పెట్టాం. షో అయ్యాక ఎవరూ మొత్తం చెప్పకూడదు. ముక్కలు ఒక్కొక్కటీ కింద పెడుతూ, పైకి కూడుతూ, ఎవరి భాషలో వాళ్లు చెప్పాలి. పై అంతస్తు మలయాళీ ఆంటీ కూడా ఆటకి వచ్చేది, ఆవిడ మలయాళంలో కూడేది. ఈ ఊరు మొదటినుంచీ ఇలాంటిదేనని నాన్న అంటారు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభం. అప్పట్నుంచీ అన్ని రాష్ట్రాల నుంచీ జనం వచ్చారు. తెలుగువాళ్లూ చాలామందే ఉన్నారు, సెక్టార్ 5 బాలాజీ గుడికి వెళితే తెలుస్తుంది. రష్యన్లకీ మనవాళ్లకీ మధ్య అంకెలు ఎలా కుదిరాయో అని నేను చాలాసార్లు అనుకున్నాను. రష్యన్‌లో యాభై తొమ్మిదిని ఏమంటారో!

ఇదంతా మొదటి ఏడాది. కిందటి వేసవిలో ఇంకొకటి జరిగింది. షో అయ్యాక నేను ముక్కలు పెడుతూ “సాత్, పంద్రహ్, ఉన్నీస్” అంటున్నాను. తమ్ముడు కిసుక్కున నవ్వాడు. నేను ఎందుకు నవ్వుతున్నాడా అనుకున్నాను. అమ్మమ్మ నవ్వలేదు. నా ముక్కలు మళ్లీ నా చేతికిచ్చి “ఇంకోసారి కూడు” అంది. అప్పుడు అర్థమైంది. ఏడు, పదిహేను, పంతొమ్మిది అన్నాను. పంతొమ్మిది అనేముందు ఒక్క క్షణం వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ రాత్రి మంచం మీద పడుకుని ఒకటి నుంచి నూరు దాకా తెలుగులో లెక్కపెట్టాను. అరవైల్లో ఒకసారి, డెబ్బైల్లో రెండుసార్లు ఆగాను.

అమ్మమ్మ ఈ ఏడాది మోకాళ్ల నొప్పులతో భీమిలి వెళ్లిపోయింది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఏడంకెలు చెబుతుంది, నేను పైకి కూడి చెప్పాలి. తప్పితే 50.

పక్కింటివాళ్లకి బొకారో బదిలీ అయింది. సామాన్లు కట్టిన ముందురోజు, అమ్మమ్మ ఇంకా ఇక్కడుండగానే, చివరి ఆట ఆడాం. వాళ్ల ఇంట్లో అట్టపెట్టెల మధ్యే చాప వేసుకున్నాం. ఆ అమ్మాయి చేతిలో పది, పది, పది మిగిలాయి. తెలుగులో చెబుతానంది. ఒక్కొక్కటీ కింద పెడుతూ “పది” అంది, “ఇరవై” అంది. మూడోది పెట్టి కాసేపు ఆలోచించి “ఇరవై పది” అంది.

తమ్ముడు నోరు తెరవబోతే అమ్మమ్మ వాడి తొడ మీద చిన్నగా ఒకటేసి, “సరిగ్గానే చెప్పింది. ముప్పై రాసుకో” అంది నాతో.