పార్క్‌విల్‌లో పెద్దపేగు క్యాన్సర్ ఆనవాళ్ల వేట

మెల్బోర్న్ నగర కేంద్రానికి ఉత్తరాన, రాయల్ పెరేడ్ వెంట బారులు తీరిన ఎల్మ్ చెట్ల నడుమ ట్రాములు సాగిపోయే పార్క్‌విల్ పేటలో ఆసుపత్రులూ పరిశోధనాలయాలూ ఒకదాని పక్కన ఒకటిగా వెలిశాయి. 1915లో స్థాపితమైన వాల్టర్ అండ్ ఎలిజా హాల్ ఇన్‌స్టిట్యూట్, దాని పొరుగునే రాయల్ మెల్బోర్న్ ఆసుపత్రి, గ్రాటన్ వీధికి ఆవలి వైపున పీటర్ మెకాలమ్ క్యాన్సర్ సెంటర్ ఉండగా, వీధి మీదుగా కట్టిన వంతెనల గుండా వైద్యులూ రోగులూ రోడ్డు మీదికి దిగకుండానే ఆ రెండు ఆసుపత్రుల మధ్య తిరగగలుగుతారు. శస్త్రచికిత్స బల్లకూ, కణితిని పరీక్షించే సూక్ష్మదర్శినికీ, రక్తాన్ని విశ్లేషించే ప్రయోగశాలకూ మధ్య ఎడం ఇంత తక్కువ కావడం వల్లనే పెద్దపేగు క్యాన్సర్ తిరగబెట్టడాన్ని రక్తపరీక్షతో ముందుగా పసిగట్టే పరిశోధన ఇక్కడ వేళ్లూనుకుందని సందర్శకుడికి తోస్తుంది.

ఈ పరిశోధనకు ప్రేరణగా నిలిచిన చిక్కు రెండో దశ రోగులది. కణితి పేగు గోడలోకి లోతుగా చొచ్చుకుపోయినా పక్కనున్న లింఫు గ్రంథులకు పాకని స్థితిని రెండో దశ అంటారు. ఈ దశలో కణితిని కోసి తీసివేస్తే చాలు, నూటికి 80 మందికి పైగా మళ్లీ ఆ జబ్బు మొహం చూడరు. మిగిలినవారి శరీరంలో ఏ స్కానుకూ అందనంత చిన్నవిగా క్యాన్సర్ కణాలు మిగిలిపోయి, నెలలకో ఏళ్లకో కాలేయంలోనో ఊపిరితిత్తులలోనో తలెత్తుతాయి. ఆ కొద్దిమంది ఎవరో శస్త్రచికిత్స నాటికి తెలియనందువల్ల, కణితి లోతు, పరీక్షకు అందిన గ్రంథుల సంఖ్య వంటి మోటు ఆధారాలను బట్టి కీమోథెరపీ నిర్ణయించవలసి వచ్చేది. ఆ మందులలో ఒకటైన ఆక్సాలిప్లాటిన్ కొందరికి వేళ్ల కొసలలో తిమ్మిరిని ఏళ్ల తరబడి మిగిల్చి, చొక్కా గుండీ పెట్టుకోవడాన్ని సైతం కష్టం చేస్తుంది. అవసరమే లేని మనిషి ఆ బాధ మోయడం చిన్న విషయం కాదు.

ప్రయోగశాలలో మొదట కంటబడేది చాలా సాధారణమైన దృశ్యం. రోగి చేతి నుంచి తీసిన పది మిల్లీలీటర్ల రక్తం గొట్టాన్ని సెంట్రిఫ్యూజ్ అనే గిరగిర తిప్పే యంత్రంలో పెట్టి ఆపగానే, అడుగున ముదురు ఎరుపు కణాలు, వాటిమీద పలుచని తెల్లటి పొర, ఆ పైన లేత పసుపు ప్లాస్మా వేరువేరుగా తేరుకుంటాయి. ఆ తెల్లటి పొర తెల్ల రక్తకణాలది. పిపెట్ ముక్కు దానికి తగలకుండా పై ప్లాస్మాను మాత్రమే పీల్చి, దానిని ఇంకా ఎక్కువ వేగంతో మరొకసారి తిప్పి, మైనస్ 80 డిగ్రీల శీతలపెట్టెలో భద్రపరుస్తారు. తీసిన రక్తం మామూలు గొట్టంలో గంటల తరబడి నిలవ ఉంటే తెల్ల రక్తకణాలు చితికి తమ డీఎన్‌ఏను ప్లాస్మాలో కుమ్మరిస్తాయి. అప్పుడు వెతకవలసిన కణితి డీఎన్‌ఏ ఆ వరదలో కొట్టుకుపోతుంది. కణాలు చితకకుండా కొన్ని రోజులపాటు కాపాడే ప్రత్యేక గొట్టాలు వచ్చాక దూరపు ఊళ్ల నుంచి కూడా నమూనాలు పంపే వీలు కలిగింది.

చనిపోయే కణాలు తమ డీఎన్‌ఏ తునకలను రక్తంలోకి వదులుతాయి; రక్తంలో కణాలకు వెలుపల ఇలా తిరిగే జన్యుపదార్థాన్ని 1948లో మాండెల్, మెతే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు తొలిసారి గుర్తించారు. కణితి కణాలు వదిలే తునకలలో ఆ కణితికే చెందిన ఉత్పరివర్తనాలు, అంటే జన్యు అక్షరక్రమంలో వచ్చిన మార్పులు, ఉంటాయి. ఈ తునకలలో సగం రెండు మూడు గంటలలోపే రక్తం నుంచి మాయమవుతాయి కనుక, కణితిని తీసివేసిన వారాల తరువాత కూడా అవి కనిపిస్తున్నాయంటే, వాటిని విడుదల చేస్తున్న కణాలు శరీరంలో ఎక్కడో ఇంకా బతికి ఉన్నట్టే. శస్త్రచికిత్స గాయం వల్ల మామూలు కణజాలపు డీఎన్‌ఏ కూడా కొంతకాలం రక్తంలో పోటెత్తుతుంది కాబట్టి, అది తగ్గేందుకు సుమారు నాలుగు వారాలు ఆగి రక్తం తీస్తారు.

ఈ పరీక్ష ఎంత సున్నితమైనదో, ఎక్కడ దాని చేతులు కట్టుబడిపోతాయో చిన్న లెక్క చెబుతుంది. పది మిల్లీలీటర్ల రక్తం నుంచి దాదాపు నాలుగు మిల్లీలీటర్ల ప్లాస్మా, అందులో సుమారు 20 నానోగ్రాముల డీఎన్‌ఏ లభించిందనుకుంటే, ఒక్కొక్క జన్యువుకు ఆరువేల చిల్లర ప్రతులు చేతికి వస్తాయి. కణితి నుంచి వచ్చిన ప్రతి పదివేలకు ఒకటి చొప్పున మాత్రమే ఉంటే, ఆ గొట్టంలో అది అసలు పడకపోవచ్చు; పడని దానిని ఏ యంత్రమూ చదవలేదు. కాబట్టి ‘నెగెటివ్’ అన్న మాటకు క్యాన్సర్ లేదని కాదు, ఈ గొట్టంలో దొరకలేదని అర్థం. ఉదరపొర మీదా ఊపిరితిత్తులలోనూ తిరగబెట్టే కణితులు రక్తంలోకి డీఎన్‌ఏను తక్కువగా వదులుతాయన్నది కూడా దీనికి తోడవుతుంది.

ఉన్న ఒకటి రెండు ప్రతులను యంత్రపు పొరపాట్ల నుంచి వేరు చేయడం మరొక సమస్య. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో బర్ట్ వోగెల్‌స్టీన్ బృందం రూపొందించిన సేఫ్-సీక్స్ పద్ధతిలో ప్రతి డీఎన్‌ఏ తునకకూ ముందుగా ఒక గుర్తింపు సంఖ్య తగిలించి, ఆ తరువాతే దాని నకళ్లు తీస్తారు. ఒకే సంఖ్య గల నకళ్లన్నింటిలోనూ మార్పు కనిపిస్తే అది అసలుది, ఏ ఒకటి రెండింటిలోనో కనిపిస్తే నకలు తీయడంలో దొర్లిన తప్పు. ఏ మార్పు కోసం వెతకాలో తెలుసుకునేందుకు ముందుగా రోగి కణితి ముక్కనే చదువుతారు.

జీన్ టై, పీటర్ గిబ్స్ నాయకత్వంలోని మెల్బోర్న్ వైద్యులు హాప్‌కిన్స్ పరిశోధకులతో కలిసి 2016లో ప్రకటించిన అధ్యయనం ఈ పద్ధతికి బలమైన పునాది వేసింది. కీమోథెరపీ తీసుకోని 178 మంది రెండో దశ రోగులలో 14 మందికి శస్త్రచికిత్స తరువాత రక్తంలో కణితి డీఎన్‌ఏ కనిపించగా, వారిలో 11 మందికి జబ్బు తిరగబెట్టింది. కనిపించని 164 మందిలో తిరగబెట్టినది 16 మందికి మాత్రమే. ఆ తరువాతి ప్రశ్న మరింత సాహసోపేతమైనది: ఈ పరీక్షను నమ్మి కీమోథెరపీ ఆపివేయవచ్చా? 455 మందితో నడిచి 2022లో ఫలితాలు వెలువడిన ‘డైనమిక్’ ప్రయోగంలో, రక్తపరీక్షను బట్టి నిర్ణయం తీసుకున్న వర్గంలో 15 శాతం మందికే కీమోథెరపీ ఇవ్వగా, పాత పద్ధతి వర్గంలో 28 శాతం మందికి ఇచ్చారు. రెండేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా జీవించినవారు మొదటి వర్గంలో 93.5 శాతం, రెండో వర్గంలో 92.4 శాతం. మందు దాదాపు సగానికి తగ్గినా నష్టం కలగలేదు. ఈ రంగంలో ఇంతవరకు రోగికి నేరుగా దక్కిన అతి పెద్ద మేలు ఇదే.

అయితే ఆనవాలు కనిపించిన వారి కథ ఇంత తేటగా లేదు. మూడో దశ రోగులలో, అంటే లింఫు గ్రంథులకు పాకిన వారిలో, పరీక్ష పాజిటివ్ వచ్చిందని కీమోథెరపీ తీవ్రత పెంచి చూసిన తరువాతి ప్రయోగంలో ఫలితం మెరుగుపడలేదు. ప్రమాదాన్ని ముందుగా పసిగట్టగలిగినంత మాత్రాన దానిని అణచే మందు చేతిలో ఉన్నట్టు కాదు. ఈ పరీక్షలను వాణిజ్యపరంగా అమ్మేవారి ప్రకటనలలో ఈ తేడా తరచుగా మరుగున పడుతుంది. అది రోగికి న్యాయం కాదు.

తెలుగు నేలమీద ఎక్కువమంది రోగులకు నేడు అందుబాటులో ఉన్న రక్త సూచిక వేరొకటి. 1965లో కెనడాలోని మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ కనుగొన్న సీఈఏ అనే ప్రోటీన్‌ను మామూలు డయాగ్నస్టిక్ కేంద్రాలలో సైతం కొలుస్తారు. మిల్లీలీటరుకు ఐదు నానోగ్రాములు దాటితే అనుమానించాలన్నది వాడుకలోని హద్దు. ఆ హద్దు వద్ద అది తిరగబెట్టిన కేసులలో పదింటికి ఏడింటిని మాత్రమే పట్టుకుంటుందని 2015లో వెలువడిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. పొగతాగేవారిలోనూ కాలేయ జబ్బు ఉన్నవారిలోనూ క్యాన్సర్ లేకున్నా సీఈఏ పెరగవచ్చు. కొన్ని కణితులు దానిని విడుదలే చేయవు. అందుకే ఒక్క అంకెను చూసి కుంగిపోవడమూ, ఊరట చెందడమూ రెండూ తగవు. శస్త్రచికిత్సకు ముందున్న అంకెతో పోల్చి, అది వరుసగా ఎటు నడుస్తోందో చూడాలి.

కనుక పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకోబోయే కుటుంబాలు మూడు పనులు తప్పక చేయాలి. ఆపరేషన్‌కు ముందే ఒకసారి సీఈఏ పరీక్ష చేయించి ఆ కాగితం దాచుకోవాలి. కణితి ముక్కను పారఫిన్ మైనంలో పొదిగి ఉంచే ‘బ్లాకు’ ఎక్కడ భద్రపరిచారో ఆసుపత్రిని అడిగి తెలుసుకోవాలి. రేపు జన్యుపరీక్ష అవసరమైతే అదే ఆధారం. తిరగబెట్టే కేసులలో అత్యధికం మొదటి మూడేళ్లలోనే బయటపడతాయి కాబట్టి, ఒంట్లో బాగానే ఉందని ఆ కాలంలో వైద్యుడు చెప్పిన సీఈఏ, స్కాన్, కొలనోస్కోపీ గడువులలో ఏ ఒక్కటీ దాటవేయకూడదు.