గోరంత ఓపిక

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని పెద్దలంటారు. ఆ గోటికే ఆపద వస్తే ఎంత కష్టమో మేము కోటబొమ్మాళిలో, మా ఇంటి అరుగు మీదనే తెలుసుకొన్నాము.

మేము ఇద్దరు అక్కచెల్లెళ్ళము. కొత్తమ్మతల్లి జాతరకు ఊరంతా ముస్తాబవుతున్న రోజులవి. గోళ్ళను కొసదేరేలా దిద్దుకోవాలని మాకూ సరదా పుట్టింది. స్నానం చేసి వచ్చి, తడి ఆరకముందే బ్లేడుతో మూలలు లోతుగా కోసి, అంచులను అటూ ఇటూ రాతికి రాశాము. చెల్లెలి కుడి చూపుడువేలి గోరు పొరలుగా చీలింది. మూడవనాటికి గోరుచుట్టు లేచింది. పై వారమే త్రైమాసిక పరీక్షలు! గోరుచుట్టుపై రోకటిపోటు అన్న సామెత మాకు అనుభవమైంది. కలం పట్టలేక ఆమె రెండు ప్రశ్నలు వ్రాయకనే కాగితం ఇచ్చి వచ్చింది. ఆలోచన మా ఇద్దరిదీ; బాధ మాత్రం ఆమె ఒక్కతెది.

దసరా సెలవులలో పొందూరు వెళ్ళాము. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్నని నూలు వడికే ఊరది. ఒక వృద్ధురాలు మా చేతులు చూసి, "ఈ గోళ్ళతో నూలు ముట్టుకోకండమ్మా, తెగిపోద్ది" అన్నది. ఆమె గోళ్ళు పొట్టిగా, గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. అవి అలంకారం కొరకు కాదు, పని కొరకు దిద్దిన గోళ్ళు.

గోరు కెరటిన్ అనే మాంసకృత్తు పొరలతో ఏర్పడినది. నీటిలో నానితే మెత్తబడుతుంది. అప్పుడు రాస్తే పొరలు విడిపోతాయి. కనుక ఆరిన గోటినే దిద్దాలి. సన్నని ఆకురాయితో ఒక మూల నుండి నడిమికి, మరల రెండవ మూల నుండి నడిమికి, తేలికగా ఒకే దిశలో రాయాలి. రంపంవలె ముందుకూ వెనుకకూ లాగరాదు. మూలలు లోతుగా తీయరాదు. గోటి మొదట ఉన్న చర్మాన్ని కోయరాదు. క్రిములు చొరకుండా కాపాడేది అదే. ఒకరి ఆకురాయి మరొకరు వాడరాదు. చివర చుక్క కొబ్బరినూనె చాలు.

చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. చెల్లెలి గోరు సరి అయ్యేసరికి సంక్రాంతి దాటింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం, స్నానానికి ముందే, అరుగు మీద కూర్చుండి పది వేళ్ళకూ పది నిమిషాలు కేటాయిస్తున్నాము. ఆనాడు తొందరలో మిగుల్చుకొన్నది ఆ పది నిమిషాలే. సోదర విద్యార్థులారా, కలం పట్టే వేలికి ఆ కాస్త ఓపిక మీరూ చూపండి.