మూసీ ఒడ్డున ఓ నడక

వైజాగ్ బీచ్ రోడ్డు ఫోటోలు చూపిస్తున్న మా టీమువాళ్ళతో, మన ఊళ్ళోనూ ఒక ఒడ్డుంది కదా అన్నాను. నవ్వారు. ముక్కు మూసుకుని నడవాలి, నిజమే.

పురానాపూల్ దగ్గర మొదలెట్టండి. 1578 నాటి వంతెన, చార్మినార్ కంటే పదమూడేళ్ళు పెద్దది. అక్కణ్ణించి నయాపూల్ దాకా తాపీగా నడిచినా గంట పట్టదు. ఇటు హైకోర్టు గుమ్మటాలు, అటు ఉస్మానియా ఆసుపత్రి. ఆ ఆవరణలోని చింతచెట్టెక్కి 1908 సెప్టెంబరు 28 వరదలో నూటయాభై మంది బతికారట. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యని పిలిపించారు, గండిపేట, హిమాయత్ సాగర్ కట్టారు. అయినా 2025 సెప్టెంబరు చివర్లో ఎంజీబీఎస్ బస్టాండు మునిగింది.

ఓపికుంటే చాదర్‌ఘాట్ దాకా వెళ్ళండి. అక్కడి ఇళ్ళ గోడల మీద 2024లో ఎర్రరంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు, నదిలో ఉన్నాయి కాబట్టి తీసెయ్యాలని. శుభ్రమైన నది, వాకింగ్ ట్రాక్ నాక్కూడా కావాలి. వరదొస్తే ముందు మునిగేదీ ఆ ఇళ్ళే. కానీ చుట్టుపక్కలే పని చేసుకు బతికేవాళ్ళకి ఎక్కడో దూరంగా ఇల్లిస్తే, పొద్దున్నే పనికెలా వస్తారు? ఈ ప్రశ్న అడిగితే మనవాళ్ళు వెంటనే సబర్మతి ఫోటోలు పంపిస్తారు, అదేంటో!

వెళ్ళేవాళ్ళు ఆదివారం పొద్దున్నే వెళ్ళండి. ఎండెక్కితే వాసన తట్టుకోలేరు.